చూడని మన ఊరు

(డిసెంబరు 17, పెన్షనర్ల దినోత్సవ సభలో మన సంఘ సభ్యులొకరు చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు మనకు పండుగ రోజు. 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు, పెన్షన్ అంటే ప్రభుత్వం దయతలచి వేసే భిక్ష కాదు, ఉద్యోగి చేసిన సేవకు దక్కే హక్కు అని తీర్పు చెప్పింది. ఆ సంగతులు, కరువు భత్యం బకాయిల సంగతులు నాకంటే బాగా తెలిసినవారు ఇంతకు ముందే మాట్లాడారు. నాకు మాత్రం కార్యదర్శి గారు వేరే పని అప్పగించారు. “మీరు ఆదివారాలు సంచి తగిలించుకుని ఎక్కడెక్కడో తిరుగుతారట. ఉపన్యాసాలట, నడకలట, ప్రదర్శనలట. అవేమిటో ఒక పది నిమిషాలు చెప్పండి” అన్నారు. పది నిమిషాలని చెప్పి పది నిమిషాల్లో ముగించిన గుమాస్తాను నేనింతవరకు చూడలేదు. కనుక కాస్త ఓపిక పట్టమని ముందే మనవి చేసుకుంటున్నాను.

నేను 1972లో గుమాస్తాగా చేరి, 2008లో సీనియర్ అసిస్టెంటుగా రిటైరయ్యాను. ఈ 36 ఏళ్లలో ఎక్కువ కాలం బెజవాడలోనే గడిచింది. కాలువలకు, వాగులకు, గట్లకు సంబంధించిన కాగితాలు నా బల్ల మీదుగా వెళ్లేవి. ఏ కాలువ కాగితం ఏ ఫైల్లో ఉందో, ఆ ఫైలు ఏ బీరువాలో ఉందో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి. ఊరు మాత్రం చూడలేదు. చూడలేదన్న సంగతి కూడా నాకు బెజవాడలో తెలియలేదు. లండన్లో తెలిసింది.

2018 వేసవిలో మా అబ్బాయి మమ్మల్నిద్దరినీ లండన్ తీసుకువెళ్లాడు. ఒకరోజు బ్రిటిష్ మ్యూజియం చూపించాడు. ప్రవేశం ఉచితం అన్నారు గనుక నేనూ ఉత్సాహంగానే బయలుదేరాను. అక్కడొక గదిలో అద్దాల వెనుక తెల్లని రాతి పలకలు వరసగా నిలబెట్టి ఉన్నాయి. దగ్గరకు వెళ్లి చూస్తే అమరావతి అని రాసి ఉంది. మన అమరావతే. కృష్ణ ఒడ్డున ఉన్న మహాస్తూపం తాలూకు శిల్పాలు, నూటికి పైగా. మా పక్కన ఒక పెద్దావిడ, ఆ దేశపు మనిషే, నిలబడి చూస్తోంది. మా ఆవిడ చీర, బొట్టు చూసి మాది ఇండియానా అని అడిగింది. అవునన్నాను. ఈ అమరావతి మీ ఊరికి ఎంత దూరం అంది. నలభై కిలోమీటర్లు కూడా ఉండదని కాస్త గొప్పగానే చెప్పాను. అయితే అక్కడ ఇప్పుడు ఏం మిగిలి ఉంది, ఎలా ఉంటుంది అని అడిగింది. నేను నోరు తెరిచాను గానీ మాట రాలేదు. అమరేశ్వరుడి గుడికి రెండు మూడుసార్లు వెళ్లాను. స్తూపం వైపు తొంగి కూడా చూడలేదు.

ఆ రాత్రి మా ఆవిడ నన్ను వదల్లేదు. “ఏవండీ, ఇంటి పక్కనున్నదాన్ని చూడటానికి విమానమెక్కి సముద్రాలు దాటి రావాలా? పెళ్లైన దగ్గర్నుంచీ అడుగుతున్నాను, ఒక్క ఆదివారం ఎక్కడికైనా తీసుకువెళ్లమని. అడిగినప్పుడల్లా ‘చూద్దాం’ అన్నారు. ఫైలు మీద రాసుకునే మాట నా మీద రాశారు” అంది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని మన పెద్దలు ఊరికే అనలేదు. నాకు జవాబు లేకపోయింది.

అదే ప్రయాణంలో ఇంకొకటి చూశాను. ఆ ఊళ్లో హైడ్ పార్కు అని పెద్ద తోట ఉంది. దాని మూలన ఒకచోట ఆదివారం పూట ఎవరికి తోచిన విషయం మీద వారు నిలబడి మాట్లాడతారు. సభాధ్యక్షుడు లేడు, దండలు లేవు, శాలువాలు లేవు. వినేవాళ్లు చుట్టూ మూగి అడ్డు ప్రశ్నలు వేస్తారు, నవ్వుతారు, నచ్చకపోతే పక్క మనిషి దగ్గరకు వెళ్లిపోతారు. ఉపన్యాసమంటే ఇలా కూడా ఉండవచ్చునా అనుకున్నాను. ఆ సంగతి మళ్లీ చివర్లో చెబుతాను.

తిరిగి వచ్చిన రెండో ఆదివారమే ఇద్దరం అమరావతి బస్సెక్కాం. స్తూపం ఉన్న చోట ఇప్పుడు గుండ్రని దిబ్బ, దాని చుట్టూ రాతి పలకలు మిగిలాయి. పక్కనే పురావస్తు శాఖ వారి మ్యూజియం ఉంది. 1845లో వాల్టర్ ఎలియట్ అనే అధికారి ఇక్కడ తవ్వించిన రాళ్లు మద్రాసు చేరి, వాటిలో చాలా భాగం లండన్ వెళ్లాయి. 1877లో రాబర్ట్ సెవెల్ అనే ఆయన మళ్లీ తవ్వించారు. ఈ సెవెల్ పేరు గుర్తుంచుకోండి. మా ఆవిడ ఆ దిబ్బ చుట్టూ ప్రదక్షిణ చేసి, ఒక రాయి మీద కూర్చుని పులిహోర పొట్లం విప్పింది. “ఇప్పుడు ఆవిడ అడిగితే చెప్పండి” అంది.

ఆ తరువాత మన బందరు రోడ్డు మీది మ్యూజియం. మనలో చాలామంది దాన్ని ఇంకా విక్టోరియా మ్యూజియమనే అంటాం. 1887లో రాణి గారి పాలనకు యాభై ఏళ్లు నిండిన సందర్భంగా దానికి శంకుస్థాపన చేసింది అప్పటి కృష్ణా జిల్లా కలెక్టరు. ఆయనే ఈ రాబర్ట్ సెవెల్. విజయనగర సామ్రాజ్యం మీద పేరుపొందిన పుస్తకం రాసిందీ ఆయనే. కలెక్టరు కచేరీ పని ఎంత ఉంటుందో మనకు తెలుసు. ఆ పని చేస్తూ ఒక మనిషి రాళ్లు వెతికాడు, చరిత్ర రాశాడు. నేను ఆ మ్యూజియం ప్రహరీ గోడ పక్కన పదకొండేళ్లు రోజూ టీ తాగాను, గేటు లోపలికి వెళ్లలేదు. చిత్రకారుడు, దర్శకుడు బాపు గారి పేరు పెట్టి, బాగుచేసి 2020లో దాన్ని మళ్లీ తెరిచారు. కరోనా భయం తగ్గాక వెళ్లి చూశాను. అల్లూరులో దొరికిన బుద్ధ విగ్రహం, తెల్లని రాతిలో, నిలబడి ఉంటుంది. ఆ ముఖం ముందు ఒక అరగంట కూర్చున్నాను. ఫలానా పని మీద వచ్చాననో, ఫలానా వారి కోసమనో చెప్పుకోనవసరం లేకుండా ఒకచోట కూర్చోవడం నాకు రిటైరైన పదేళ్ల తరువాత గానీ అలవాటు కాలేదు.

మీ మనవలను తీసుకువెళితే ఇంకో మాట కూడా చెప్పండి. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో ఈ బెజవాడలోనే అఖిల భారత కాంగ్రెసు కమిటీ సమావేశం జరిగింది. మన భట్లపెనుమర్రులో పుట్టిన పింగళి వెంకయ్య గారు జెండా నమూనాను గాంధీజీకి అందించింది అప్పుడే.

ప్రదర్శనల సంగతి అలా ఉంచి ఉపన్యాసాలకు వద్దాం. ఉపన్యాసమంటే మనవాళ్లకు భయం. మూడు గంటలు కూర్చోవాలి, పెద్దల పరిచయాలే గంటన్నర. నేనూ అలాగే అనుకునేవాణ్ణి, ఒకసారి గాంధీనగరంలో అష్టావధానానికి వెళ్లేదాకా. ఒక మనిషి చుట్టూ ఎనిమిది మంది కూర్చుంటారు. ఒకరు అర్థం పొసగని సమస్య ఇచ్చి పద్యం చెయ్యమంటారు. ఒకరు నాలుగు మాటలిచ్చి అవి వచ్చేలా చెప్పమంటారు. ఒకరు అక్షరం అక్షరానికీ అడ్డుపడతారు. ఒకరు మధ్యలో మీ ఇంట్లో ఇవాళ కూరేమిటని అడుగుతారు. అదే అప్రస్తుత ప్రసంగం. ఇంకొకరు తోచినప్పుడల్లా గంట కొడతారు. చివర్లో అవధాని ఎన్ని గంటలో చెప్పాలి. ఆ రోజు గంట కొట్టవలసినాయన రాలేదు. లెక్కలు రాసిన మనిషి గదా అని నిర్వాహకులు నన్ను కూర్చోబెట్టారు. నేను పద్యాలలో పడి కొట్టిన గంటలు నేనే మరిచిపోయాను. చివర్లో నా లెక్క ఇరవై మూడు, అవధాని గారు ఇరవై నాలుగన్నారు. ముందు వరసలో ఒక చిన్నపిల్ల కాగితం మీద గీతలు గీసుకుంది. లెక్కపెడితే ఇరవై నాలుగు. సభంతా నవ్వింది. ఆడిట్ అభ్యంతరం వచ్చినప్పుడు కూడా నేనంత సిగ్గుపడలేదు, ఇంత సంతోషపడనూ లేదు. తిరుపతి వేంకట కవులు ఊరూరా తిరిగి అవధానాలు చేసిన నేల ఇది. వారిలో చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి గారు బందరులో బడిపంతులుగా పనిచేశారు. విశ్వనాథ సత్యనారాయణ గారు అక్కడ ఆయన శిష్యులు. అవధానానికి టికెట్ ఉండదు. పద్యం సగం అర్థం కాకపోయినా ఆట అర్థమవుతుంది.

ఇక గ్రంథాలయాలు. పేపరు చదవడానికి వెళతాం, లేచి వచ్చేస్తాం. కానీ 1914 ఏప్రిల్ 10న ఈ ఊళ్లోని రామమోహన గ్రంథాలయంలోనే ఆంధ్రదేశంలోని గ్రంథాలయాల మొదటి మహాసభ జరిగింది. అయ్యంకి వెంకట రమణయ్య గారు పూనుకుని జరిపించారు, చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు అధ్యక్షత వహించారు. ఒక గ్రంథాలయ సభలో విశ్రాంత ఉపాధ్యాయురాలు ఒకావిడ చెప్పిన ముచ్చట నాకు బాగా పట్టుకుంది. 1935లో పాతూరి నాగభూషణం గారు కృష్ణకు ఆవలి గట్టున, పెదవడ్లపూడి, కొల్లూరు మధ్య కాలువలో పడవ గ్రంథాలయం నడిపించారు. పడవ రేవుకొస్తే ఊళ్లోవాళ్లు వచ్చి పుస్తకాలు తీసుకునేవారు. ఆ మాట విన్నాక నేను ఇంటికి వెళుతూ కాలువ వంతెన మీద ఆగిపోయాను. ముప్పై ఆరేళ్లు కాలువల కాగితాలు చూసిన నాకు, కాలువలో పుస్తకాలు ప్రయాణం చేశాయని తెలియదు.

అక్కడి నుంచి మా నడకలు మొదలయ్యాయి. ఆరుగురం. నేను, ఆ ఉపాధ్యాయురాలు, ఒక నర్సమ్మ గారు, ఆర్టీసీ కండక్టరుగా చేసినాయన, సర్వేలో చైన్‌మన్‌గా చేసినాయన, కాలువల మీద లస్కరుగా పనిచేసిన పెద్దాయన. నియమం ఒకటే. ఆ వారం ఎవరి వంతు వస్తే వారు, తాను పనిచేసిన చోటికి మిగతావాళ్లను తీసుకువెళ్లి, నిలబెట్టి, తనకు తెలిసింది చెప్పాలి. మైకు లేదు. అడ్డు ప్రశ్నలు వెయ్యవచ్చు. హైడ్ పార్కు పద్ధతి అన్నమాట.

చైన్‌మన్ గారు మొగల్రాజపురం గుహలకు తీసుకువెళ్లి, కొండను గొలుసుతో ఎలా కొలుస్తారో చెప్పారు. ఉపాధ్యాయురాలు ఉండవల్లి గుహల్లో పవళించిన అనంతపద్మనాభుడి ముందు నిలబెట్టి, కొండను నాలుగు అంతస్తులుగా తొలవాలంటే పని ఎక్కడ మొదలుపెట్టాలో మమ్మల్నే అడిగారు. ఒక్కరం సరిగ్గా చెప్పలేదు. కానీ ఇన్నేళ్లలో నేను విన్న ఉపన్యాసాలన్నిటిలో గొప్పది లస్కరు పెద్దాయనది. ఆయన చదివింది అయిదో తరగతి.

2024 ఫిబ్రవరిలో ఒక ఆదివారం పొద్దున్నే ఆయన మమ్మల్ని ప్రకాశం బ్యారేజీ దగ్గర నిలబెట్టారు. మొదటి ఆనకట్ట 1852లో మొదలై 1855లో పూర్తయింది, కెప్టెన్ ఓర్ దగ్గరుండి కట్టించాడు, 1952లో అది తెగింది, ఇప్పటి బ్యారేజీ 1957లో పూర్తయింది, ఇవన్నీ నాకు కాగితం మీద తెలుసు. ఆయన చెప్పింది లాకుల సంగతి. నది మట్టం వేరు, కాలువ మట్టం వేరు. పడవ ఒక మట్టం నుంచి ఇంకో మట్టానికి దిగాలంటే రెండు తలుపుల మధ్య ఉన్న తొట్టిలోకి వస్తుంది. వెనక తలుపు మూసి, ముందు వైపు నీరు నెమ్మదిగా వదిలితే నీటితోపాటు పడవా దిగుతుంది. మట్టాలు సమానమైతే ముందు తలుపు తెరుస్తారు. “తొందరపడి తలుపు తెరిస్తే పడవా మిగలదు, తలుపూ మిగలదు గుమాస్తా గారూ” అన్నారు. ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ మూడూ ఊళ్లోంచే పోతాయి. ఆ రోజుల్లో గట్టు మీద మనుషులు తాడు భుజాన వేసుకుని పడవలు లాగేవారు. ఆవలి గట్టున కొమ్మమూరు కాలువలో పడి, బకింగ్‌హాం కాలువ పట్టుకుంటే మద్రాసు దాకా నీటి దారే. గట్టు మీద ఉదయపు నడక మన డాక్టర్లు కనిపెట్టింది కాదు.

రెండు వారాల తరువాత ఆయనే మమ్మల్ని రెండు ఆటోల్లో వెలగలేరు తీసుకువెళ్లారు, బుడమేరు చూపిస్తానని. మైలవరం వైపు కొండల్లో పుట్టి, బెజవాడ ఉత్తరం పక్కగా వచ్చి కొల్లేరులో కలిసే వాగు అది. వెలగలేరు రెగ్యులేటరు దగ్గర ఆ నీటిని మళ్లింపు కాలువలోకి తిప్పి, ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలుపుతారు. 2015 నుంచి పట్టిసీమ ఎత్తిపోతల ద్వారా వచ్చే గోదావరి నీళ్లు కృష్ణలో కలిసేదీ అదే దారిలో. పెద్దాయన గట్టు మీద కూర్చుని పుల్లతో మట్టిలో గీసి చూపించారు. “మామూలు రోజుల్లో నీరు ఇటు పోతుంది. కృష్ణే నిండుగా వచ్చిందనుకోండి, ఈ కాలువ నీటిని ఆ నది తీసుకోదు. వెనక్కి తంతుంది. అప్పుడు బుడమేరు తన పాత దారి వెతుక్కుంటుంది.” పాత దారి ఎటు అని అడిగాను. ఆయన నా వైపు చూసి, “మీ సింగ్‌నగర్ మీదుగానే. మందులు, కాగితాలు ఎప్పుడూ ఎత్తున పెట్టుకోండి” అన్నారు. అందరం నవ్వాం. అందరికంటే ఎక్కువ నేను నవ్వాను. ఎందుకంటే ఆ కాగితాలన్నీ నా బల్ల మీదుగా వెళ్లినవే. అంకెలు చూశాను, మట్టిలో గీత ఎప్పుడూ చూడలేదు.

2024 సెప్టెంబరు 1 మీకందరికీ గుర్తుంది. కృష్ణకు బ్యారేజీ దగ్గర పదకొండు లక్షల క్యూసెక్కులు దాటిన వరద వచ్చింది. అటు బుడమేరు మళ్లింపు కాలువకు గండ్లు పడ్డాయి. ఆ ఆదివారం పొద్దున వీధిలో చీలమండ లోతు నీళ్లు చూసి మా పక్కింటివాళ్లు వానే కదా, తీస్తుందన్నారు. నాకు మట్టిలో గీత గుర్తొచ్చింది. మందులు, పెన్షన్ కాగితాలు, బ్యాంకు పుస్తకాలు సంచిలో వేసుకుని, పక్కింటి ముసలమ్మ గారిని కూడా చెయ్యి పట్టుకుని మేడెక్కించాం. మధ్యాహ్నానికి కింది వాటాలో నీళ్లు కిటికీ దాటాయి. నాలుగు రోజులు మేడ మీదే ఉన్నాం. ఎవరినీ తప్పుపట్టడానికి ఈ సంగతి చెప్పడం లేదు. ఒక విశ్రాంత లస్కరు ఒక ఆదివారం పూట ఊరికే చెప్పిన మాట ముగ్గురు ముసలివాళ్లను ముందుగా మెట్లెక్కించిందని చెబుతున్నాను. నీళ్లు తీశాక ఫోన్ చేశాను. నేను చెప్పలేదా అని ఆయన అనలేదు. “మందులు పట్టుకెళ్లారా” అని అడిగారు, అంతే.

అన్నీ పట్టుకెళ్లాం గానీ మంచం కింద ఉన్న బొమ్మల పెట్టె మరిచిపోయాం. అవి మా అత్తగారు 1976లో మా పెళ్లికి ఇచ్చిన కొండపల్లి బొమ్మలు. దశావతారాలు, అంబారీ ఏనుగు, ఎడ్లబండి, తాటిచెట్టెక్కే మనిషి. ఏటా సంక్రాంతికి మా ఇంట్లో బొమ్మల కొలువు పెట్టేది మా ఆవిడ. పెట్టె తెరిస్తే రంగులన్నీ ఒకదాన్లో ఒకటి కలిసిపోయి ఉన్నాయి. ఏనుగుకు తొండం లేదు, కాళ్లు ఊడి అడుగున ఉన్నాయి. ఆవిడ ఏమీ అనలేదు. మూత పెట్టేసింది. ఆ తరువాత ఎక్కడికి రమ్మన్నా “మీరు వెళ్లి రండి” అనడమే. 2025 సంక్రాంతికి మా ఇంట్లో కొలువు లేదు. అప్పుడు నాకు తట్టింది, ఇన్నాళ్లూ నేను ప్రదర్శనలని ఊరంతా తిరుగుతున్నాను గానీ, మా ఇంట్లో నలభై ఏళ్లకు పైగా ఏటా ఒక ప్రదర్శన జరిగింది, దానికి నేను ఒక్కసారి కూడా సరిగ్గా ప్రేక్షకుణ్ణి కాలేదు అని.

మార్చి నెలలో బలవంతాన ఆవిడను కొండపల్లి తీసుకువెళ్లాను. పెట్టె నేనే మోశాను. బొమ్మల కాలనీలో ఒక పనివారి ఇంట్లో కూర్చున్నాం. ఆయన ఏనుగును తిప్పి చూసి, ఎందుకు ఊడిందో చెప్పారు. బొమ్మ అంతా ఒకే చెక్క కాదట. తెల్ల పొణికి కర్రను ఆరబెట్టి, కాళ్లు, తొండం, చేతులు విడివిడిగా చెక్కుతారు. చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. పైన సున్నం పూసి రంగులు వేస్తారు. నీళ్లలో రోజుల తరబడి నానితే మక్కు కరిగిపోతుంది, కర్ర మాత్రం ఉంటుంది. “అమ్మా, బొమ్మ చావలేదు. అతుకు వదిలింది, అంతే” అన్నారాయన. మా ఆవిడ ఆయన పక్కన పీట వేసుకుని కూర్చుని, మధ్యాహ్నం దాకా తొండం అతికించడం చూసింది. ఏ ముక్క ఏ బొమ్మదో ఆవిడే చెప్పింది. తిరుగు బస్సులో ఆరు నెలల తరువాత మొదటిసారి కిటికీ పక్క సీటు అడిగింది. అవతారాల్లో రెండు దొరకలేదు. కొత్తవి కొన్నాం. పాతవాటి పక్కన కాస్త మెరుస్తూ ఉంటాయి.

ఇంతకూ ఇప్పుడు ప్రయాణాల సంగతిలో మా ఇంట్లో హోదాలు మారాయి. 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, సిటీ బస్సుల్లాంటి వాటిలో ఆడవాళ్లకు టికెట్ లేదు. నాకు అరవై దాటినందుకు పాతిక శాతం రాయితీ మాత్రమే. “మీ ఖర్చే ఎక్కువైంది, నేనొక్కదాన్నే వెళ్లొస్తాను” అంటోంది.

జనవరిలో మన ఊరి పుస్తక ప్రదర్శన సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. 1989లో మొదలైంది. చాలా ఏళ్లు స్వరాజ్య మైదానంలో జరిగింది. 2024 జనవరిలో అక్కడ అంబేద్కర్ గారి విగ్రహం ఆవిష్కరించారు. 2025లో ప్రదర్శన ఇందిరాగాంధీ మునిసిపల్ స్టేడియంలో జరిగింది. మీరు చూసే ఉంటారు గానీ, అందులో భాగంగా జరిగే పుస్తక ప్రియుల పాదయాత్రలో నడిచారా? నేను ఒక ఏడాది నడిచాను. నినాదాలు పుస్తకం గురించి, అడిగేది చదవమని. జెండా పట్టుకుని ఊరేగింపులో నడిచి, జీతం పెంచమని అడగకుండా ఇంటికొచ్చింది నా జీవితంలో అదొక్కసారే.

ఇక ముగిస్తాను. వెళ్లే ముందు మ్యూజియం ఏ రోజు సెలవో కనుక్కోండి. ఎండెక్కక ముందే నడవండి. నీళ్ల సీసా, మందుల చీటీ, ఇంటివాళ్ల ఫోన్ నంబరు రాసిన కాగితం జేబులో ఉంచుకోండి. మోకాళ్ల నొప్పులున్నవారు కొండలు మాని కాలువ గట్లు ఎంచుకోండి. ఒంటరిగా వెళ్లకండి.

అధ్యక్షుల వారికి నాదొక విన్నపం ఉంది. లస్కరు పెద్దాయన ఈ వేసవిలో కాలం చేశారు. ఆయన చెప్పినవి నేను ఒక నోటుబుక్కులో రాసుకున్నాను. పది నడకల్లో నాలుగే రాశాను. మిగతా ఆరూ ఆయనతోనే పోయాయి. మన సంఘంలో ఖజానా వాళ్లున్నారు, ఆసుపత్రి వాళ్లున్నారు, బడి వాళ్లున్నారు, రోడ్ల వాళ్లున్నారు. ఒక్కొక్కరి దగ్గర ముప్పై, నలభై ఏళ్ల ఊరు ఉంది. సర్వీసు రిజిస్టరులో అది ఎక్కలేదు. నెలకొక ఆదివారం, ఒక సభ్యుడు తాను పనిచేసిన చోట నిలబడి అరగంట మాట్లాడేటట్టు సంఘం తరఫున ఏర్పాటు చెయ్యండి. ఒకరు రాసుకోవాలి. రాసినవి మన పత్రికలో వెయ్యాలి. వినడానికి మనవలను కూడా తీసుకురావాలి. ఖర్చేమీ లేదు. టీ ఖర్చు నేను పెట్టుకుంటాను.

ఏటా ఒకసారి మనం బతికే ఉన్నామని ఖజానాకు ధ్రువపత్రం ఇస్తాం. అది ఇవ్వకపోతే పెన్షన్ ఆగుతుంది గనుక మరిచిపోం. మిగతా రోజుల సంగతి ఎవరూ అడగరు. మనమే అడుగుకోవాలి.

మొదటి నడక జనవరి మూడో ఆదివారం. పొద్దున ఆరున్నరకు బ్యారేజీ దగ్గర కలుద్దాం. లాకుల సంగతి పెద్దాయన చెప్పినట్టే చెప్పడానికి ప్రయత్నిస్తాను. ఆ ముందు సంక్రాంతికి మా ఇంట్లో కొలువు ఉంది. అంబారీ ఏనుగు తొండం కాస్త పక్కకు తిరిగింది, అయినా నిలబడింది. పిల్లలను తీసుకుని తప్పక రండి. మా ఆవిడ పిలవమని మరీ మరీ చెప్పింది.